దారి చూపినవాడికి చదవడం వచ్చు

చలికాలం వస్తే శని, ఆదివారాల్లో మా మన్యం కొండల మీద టెంట్లు లేస్తాయి. వంజంగి మీద మబ్బులు చూడాలని తెల్లవారకముందే కార్లు పాడేరు దాటి పోతుంటాయి. మా దగ్గర పదో తరగతి దాకా చదివిన కుర్రవాడొకడు ఆ రోజుల్లో వచ్చినవాళ్ల సామాను మోస్తాడు, కట్టెలు తెస్తాడు, దారి చూపిస్తాడు. పోయిన చలికాలం అతను తన ఫోను తెచ్చి మాకు చూపించాడు. తాను తీసుకెళ్లిన వాళ్లలో ఒకాయన ఆ రాత్రి గురించి రెండు పేజీలంత రాశాడు. మబ్బులున్నాయి, చలిమంట ఉంది, బొంగు చికెన్ రుచి కూడా ఉంది. మా కుర్రవాడి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఎవరో అమాయక గిరిజన కుర్రాడు తోడొచ్చాడని. "రాత్రంతా నన్ను పేరు పెట్టే పిలిచారు సార్. రాసేటప్పటికి పేరెక్కడికి పోయింది?" అని అడిగాడు.

మేము అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాం. వేసవి సెలవుల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చదువుతుంటే ఆ ప్రశ్నే మళ్లీ ఎదురైంది. ఆ పుస్తకం 'ది మెయిన్ వుడ్స్', అంటే మెయిన్ అడవులు. రాసింది హెన్రీ డేవిడ్ థోరో. 'వాల్డెన్' రాసినాయన, శాసనధిక్కారం మీద ఆయన రాసిన వ్యాసాన్ని గాంధీజీ చదివాడని మన ఉపాధ్యాయులకు తెలిసిందే. ఈ పుస్తకం పేరు మాత్రం మన దగ్గర పెద్దగా వినపడదు. అడవిలో గుడారం వేసుకుని పడుకోవడం గురించి ఇంత వివరంగా, ఇంత ఇష్టంగా రాసిన పుస్తకాన్ని మేము ఇంతకుముందు చదవలేదు. దారి చూపిన ఆదివాసీని అందులో ఎలా రాశారో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు ఆ చోటు గురించి కొంచెం. మెయిన్ అమెరికాకు ఈశాన్య కొసన ఉన్న రాష్ట్రం. అక్కడ కటాడిన్ అనే కొండ ఉంది, ఎత్తు సుమారు 1600 మీటర్లు. చుట్టూ సరస్సులు, ఒక సరస్సు నుంచి ఇంకోదానికి వాగులు, అన్నీ చివరికి కలిసే నదుల్లో పెద్దది పెనాబ్‌స్కాట్. ఆ నది పేరే అక్కడి ఆదివాసుల పేరు. కటాడిన్ అనే మాట కూడా వాళ్లదే, అన్నిటికన్నా పెద్ద కొండ అని దాని అర్థం. ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసిన పెర్సివల్ బాక్స్టర్ ఆ కొండనూ చుట్టూ ఉన్న అడవినీ సొంత డబ్బుతో ముక్కముక్కగా కొని, 1931 నుంచి 1962 దాకా రాష్ట్రానికి దానమిచ్చాడు. మొత్తం రెండు లక్షల ఎకరాలు దాటింది. అడవి అడవిగానే ఉండాలి, జంతువులకూ పక్షులకూ అభయారణ్యంగా ఉండాలి అని దానపత్రాల్లో షరతు పెట్టాడు. ఇప్పటికీ అక్కడ రాత్రి ఉండాలంటే చోటు ముందే రాయించుకోవాలి. విడిది చోట్లలో కరెంటు ఉండదు, కుళాయి ఉండదు, కుక్కల్ని తేనివ్వరు, ఎవరి చెత్త వాళ్లే తిరిగి మోసుకుపోవాలి. ఈ నియమాలు మాకు నచ్చాయి. సోమవారం పొద్దున్నే కొండ మీద సీసాలు ఏరే పిల్లల్ని చూసినవాళ్లం మరి.

థోరో అక్కడికి మూడుసార్లు వెళ్లాడు, 1846లో, 1853లో, 1857లో. మూడు ప్రయాణాలూ మూడు పెద్ద వ్యాసాలయ్యాయి. ఆయన 1862లో చనిపోయాడు, అవన్నీ కలిపి పుస్తకంగా వచ్చింది 1864లో. వాటిని వరసగా చదివితే ఆదివాసీ గురించి ఒక మనిషి చూపు పదకొండేళ్లలో ఎంత మారిందో, ఎక్కడ మారకుండా ఆగిపోయిందో కనిపిస్తుంది.

మొదటి వ్యాసంలో చూపు మంచిది కాదు. లూయీ నెప్ట్యూన్ అనే పెనాబ్‌స్కాట్ మనిషి దారి చూపిస్తానని ఒప్పుకుని సమయానికి రాలేదు. తాగి ఆలస్యమయ్యాడని థోరో రాశాడు. అక్కడితో ఆగక, వీళ్లు పట్నం మురికివాడల్లో తిరిగే దిక్కులేనివాళ్లలా తయారయ్యారని మొత్తం జాతికి చుట్టాడు. ఒక్కడు మాట తప్పితే జాతంతటికీ పేరు పెట్టే అలవాటు మనకు కొత్త కాదు. బడికి ఒక పిల్లవాడు రాకపోతే 'వీళ్లింతే' అనే మాట మనం స్టాఫ్ రూములో విన్నదే. ఆ కొండ మీద పొమోలా అనే దేవత ఉంటుంది, ఎక్కినవాళ్ల మీద కోపగించుకుంటుంది అని పెనాబ్‌స్కాట్‌ల నమ్మకం. పొమోలా మమ్మల్ని ఎక్కనిస్తుందా అని అడిగితే, పైన ఒక రమ్ము సీసా పాతిపెట్టి రండి అన్నాడట నెప్ట్యూన్. థోరో దాన్ని వింత మాటగా రాసుకున్నాడు. మాకు మాత్రం నెప్ట్యూన్ వాళ్లను ఆటపట్టించాడనిపించింది. కొండకు మొక్కు చెల్లించే మర్యాద కూడా ఆ మాటలో ఉండొచ్చు. కొండదేవరకు కల్లు ధారపోయకుండా అడవిలో అడుగుపెట్టని ముసలివాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

రెండో ప్రయాణంలో థోరో ఒక రాత్రి పెనాబ్‌స్కాట్ వేటగాళ్ల విడిదిలో పడుకున్నాడు. మూస్ అని కణుజుకంటే ఎంతో పెద్ద జింక ఉంటుంది, దాని తోళ్లే పక్క. మంట దగ్గర వాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవొగ్గి పడుకున్నాడు. ఆ భాష విన్నాకే ఈ నేల మొదటి మనిషికి దగ్గరగా వచ్చానని ఆయనకు అనిపించింది. ఇక్కడ థోరో మీద మాకు గౌరవం కలిగింది. తెలియని భాషను నవ్వకుండా వినడం చిన్న సంగతి కాదు.

ఆ వ్యాసం చివర ఆయన పెద్ద మాట ఒకటి అన్నాడు. ఇంగ్లండు రాజులు వేట కోసం అడవులు కాపాడుకున్నారు, అందుకు ఊళ్లనే నాశనం చేశారు. రాజుల్ని వద్దనుకున్న మనం ఊళ్లు చెరపనక్కర లేకుండా దేశం కోసం అడవుల్ని ఎందుకు కాపాడుకోకూడదు? అక్కడ ఎలుగులూ చిరుతలూ, వేటజాతి మనుషులు కొందరూ కూడా బతికి ఉండొచ్చు కదా అన్నాడు. ఇది అచ్చయింది 1858లో. అమెరికాలో మొదటి జాతీయ పార్కు ఎల్లోస్టోన్ 1872లో వచ్చింది, అంటే దానికి పద్నాలుగేళ్లు ముందు మాట. ఊళ్లు చెరపకూడదు అన్న ముక్కను ఆ తర్వాత పార్కులు కట్టినవాళ్లు చదివి ఉంటే బాగుండేది. మన దేశంలో అభయారణ్యాల పేరుతో ఖాళీ అయిన గూడేలను తలచుకుంటూ ఆ వాక్యాన్ని మేము రెండుసార్లు చదివాం. హక్కులు గుర్తించకుండా, గ్రామసభ సమ్మతి లేకుండా అలాంటి చోట్ల నుంచి ఎవరినీ లేపకూడదని మన చట్టంలోకి రావడానికి 2006 దాకా పట్టింది.

అదే వాక్యంలో మాకు ముల్లులా గుచ్చుకున్నదీ ఉంది. ఎలుగు, చిరుత, ఆ వెంటనే మనిషి. ముగ్గురినీ ఒకే వరసలో నిలబెట్టాడు. కాపాడాలన్న మంచి మనసుతోనే నిలబెట్టాడు, కాదనం. కానీ కాపాడబడే వరసలో నిలబడ్డవాణ్ని ఏం కావాలని ఎవరూ అడగరు.

ఇక మూడో వ్యాసం. పుస్తకానికి ప్రాణం అదే. 1857 వేసవిలో థోరో, ఆయన స్నేహితుడు, జో పోలిస్ అనే పెనాబ్‌స్కాట్ మనిషి కలిసి బిర్చి చెట్టు బెరడుతో చేసిన పడవలో సరస్సుల మీదుగా పన్నెండు రోజులు తిరిగారు. ఇప్పుడు బాక్స్టర్ పార్కు ఉత్తరపు కొసన ఉన్న వెబ్‌స్టర్ వాగు మీదుగానే దిగివచ్చారు. పోలిస్ కూలి రోజుకు రెండు డాలర్లు అడిగి ఒకటిన్నరకు ఒప్పుకున్నాడు, పడవకు వారానికి అర డాలరు అదనం. బయలుదేరేటప్పుడు ఒక ఒప్పందం జరిగింది. నాకు తెలిసిందంతా నీకు చెబుతాను, నీకు తెలిసిందంతా నాకు చెప్పు అని థోరో అడిగాడు, పోలిస్ సరేనన్నాడు. గురువూ శిష్యుడూ వంతులవారీగా మారే ఇలాంటి బడి మాకు బాగా నచ్చింది.

పోలిస్ చెప్పినవి చాలా ఉన్నాయి. నేలమీద పాకే ఒక చిన్న తీగతో టీ కాచాడు. ఏ చెట్టు కొమ్మలు పరిస్తే పక్క మెత్తగా ఉంటుందో చూపించాడు. ఒక రాత్రి థోరోకు మెలకువ వచ్చి చూస్తే, మంట పక్కన ఒక కట్టెలోంచి తెల్లటి వెలుగు వస్తోంది. నానిన కట్టె చీకట్లో మెరవడం మన పిల్లలు కూడా వానాకాలంలో చూస్తుంటారు. పొద్దున పోలిస్‌ను అడిగితే, దానికి తమ భాషలో ఉన్న పేరు చెప్పి, తమవాళ్లకు అలాంటివి కనబడుతూనే ఉంటాయన్నాడు. ఆ పేరు విన్న సంతోషంలో థోరో సైన్సు సంగతి పక్కన పెట్టేశాడు. అడవి ఖాళీ ఇల్లు కాదు, నాలాంటి ప్రాణాలు కాపురమున్న చోటు అని ఆ పూటకు నమ్మాడు. పుస్తకంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీలు అవే.

మరి దారి ఎలా తెలుస్తుంది అని అడిగితే పోలిస్ చెప్పలేకపోయాడు. చెట్టు, కొండవాలు, బండ, ఏదో ఒకటి కాదు, అన్నీ కలిసి. మన పెద్దల్ని అడిగినా అంతే, 'తెలిసిపోద్ది' అంటారు. వెబ్‌స్టర్ వాగు దగ్గర స్నేహితుడు తప్పిపోయిన సాయంత్రం థోరో కంగారుతో నిలవలేకపోయాడు. చీకట్లో వెతికి లాభం లేదు, తెల్లవారగానే వెతుకుదామన్నాడు పోలిస్. పొద్దున్నే మనిషి దొరికాడు. ఇంకోచోట పడవ నెత్తిన పెట్టుకుని థోరోతో పరుగుపందెం వేసి, నాకూ ఆడుకోవడం ఇష్టమే అని నవ్వాడు పోలిస్. 'అడవి బిడ్డ' అని ముద్ర వేసి పెట్టిన బొమ్మలో ఇలాంటి నవ్వు పట్టదు.

పోలిస్ ఎవరు? రెండంతస్తుల తెల్ల ఇల్లు, భూమి, ఆరు వేల డాలర్ల ఆస్తి ఉన్నవాడని ఊళ్లో చెప్పుకునేవారట. తన జాతి ప్రతినిధిగా రాష్ట్ర రాజధానికీ, ఒకసారి వాషింగ్టన్‌కూ వెళ్లివచ్చాడు. డేనియల్ వెబ్‌స్టర్ అనే పెద్ద నాయకుణ్ని చూడటానికి వెళ్తే ఆయన విసుక్కున్నాడని, అది మర్యాద కాదని పోలిస్ తేల్చేశాడు. ఉపాధ్యాయులు తప్పకుండా చదవాల్సిన పేజీ ఒకటి ఇక్కడుంది. ఊళ్లో బడి ఉండాలా వద్దా అని తగాదా వచ్చినప్పుడు పోలిస్ బడి పక్షాన నిలబడి కుర్రాళ్లను కూడగట్టాడు. ఎందుకు చదువు అంటే, లెక్కలొస్తేనే ఆస్తి నిలబెట్టుకోగలం, ఇంకో దారి లేదన్నాడు. తన కొడుకు తెల్లవాళ్ల పిల్లలతో కలిసి చదువుతూ బడిలో అందరికన్నా ముందున్నాడని గర్వంగా చెప్పుకున్నాడు. 1/70 చట్టం ఉండి కూడా కాగితం చదవలేక భూమి పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో చూసిన మాకు ఆ మాట కొత్తది కాదు. నూటయాభై ఏళ్లకు పైబడి అంత దూరంలో ఒకాయన అన్నాడంటే మాత్రం ఆశ్చర్యం వేసింది.

ఇంత మనిషిని ఇంత దగ్గరగా చూసి కూడా థోరో పేజీ తర్వాత పేజీ 'ఇండియన్' అనే రాశాడు. ఇండియన్ అన్నాడు, ఇండియన్ నవ్వాడు, ఇండియన్ నిద్రపోయాడు. పేరు తెలుసు, ఊరు తెలుసు, ఇల్లు చూశాడు. అయినా కలం పట్టేసరికి జాతి పేరే వచ్చింది. పైగా పోలిస్ ఇంగ్లీషును విరిచి విరిచి, మాట చివర ఒక తోక తగిలించి అచ్చువేశాడు. పోలిస్‌కు రెండు భాషలొచ్చు. థోరోకు పోలిస్ భాషలో ఏరుకున్న మాటలు తప్ప వాక్యం రాదు. ఎవరి భాష విరిగింది మరి? మన తెలుగు సినిమాల్లో, కథల్లో గిరిజన పాత్ర నోరు తెరవగానే హాలంతా ఎందుకు నవ్వుతుందో పిల్లలతో మాట్లాడేటప్పుడు ఈ పుస్తకం పనికొస్తుంది.

సరస్సు పక్కన కినియో అనే కొండ ఉంది. అది ఒకప్పుడు ఆడ మూస్ అని, ఒక మహా వేటగాడు దాన్ని చంపితే అలా కొండై పడిందని పోలిస్ పడవలో చెప్పాడు. ఆ వేటగాడి పేరు మరిచిపోయానని థోరో తేలిగ్గా రాసేశాడు. పుస్తకం వెనక అనుబంధాల్లో మొక్కల లాటిన్ పేర్లు వరసగా ఇచ్చిన మనిషికి ఒక్క వీరుడి పేరు గుర్తులేదు. అంతేకాదు, చెప్పడానికి సరుకు లేక, ఆ లోటు కప్పుకోవడానికి ఇండియన్ కథను సాగదీస్తాడు, తాను ఆశ్చర్యపోతూ మనల్నీ ఆశ్చర్యపోమంటాడు అని వెక్కిరించాడు. ఇక్కడ ఆయన విమర్శ తప్పింది. ఆ కథ పడవలో పగటిపూట ఒక్కసారి విని తేల్చేది కాదు. రాత్రి మంట చుట్టూ ఊ కొట్టేవాళ్లుంటే సాగేది. సాగదీత దాని లోపం కాదు, వినేవాళ్లు కొండను చూస్తూ ఆలోచించుకోవడానికి ఇచ్చిన సమయం. ఊ కొట్టడం రానివాడికి కథ పొడుగ్గానే ఉంటుంది.

కూలి సంగతీ అంతే. ఆదివారం పనిచేసి డబ్బు తీసుకోవడం తప్పని పోలిస్ అన్నాడు. చివర్లో మాత్రం ఆదివారాలు కూడా లెక్కేసుకున్నాడని థోరో ఒక చురక పెట్టాడు. ఆదివారం కూడా ఇంటికి దూరంగా, వీళ్లతోనే ఉన్నాడు కదా! ఇంకా వెనక్కి వెళ్తే, ప్రయాణానికి ఏమేం కావాలో చెప్పే అనుబంధం ఉంది. గుడారం, దుప్పటి, గిన్నెలు, టీ, చక్కెర, వాటి ఖర్చు. ఆ జాబితా దగ్గరే, ఇండియన్ రోజుకు ఒకటిన్నర డాలరుకు దొరుకుతాడని ఉంది. చదివి కోపమొచ్చింది. తర్వాత మా డి.ఎడ్. రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పట్లో అడవి పరిశీలన మీద మేము రాసిన పాఠ్య ప్రణాళికలో, ముప్పై మొక్కలు చూపించిన తాతను 'అందుబాటులో ఉన్న వనరులు' అన్న గడిలో, భూతద్దం కింద రాశాం. పేరు రాయలేదు.

ఇక అసలు సంగతి. 1858 జనవరిలో ఒక పత్రిక సంపాదకుడు, కవి జేమ్స్ రసెల్ లోవెల్ థోరోను రచన అడిగాడు. పోలిస్‌తో చేసిన ప్రయాణం గురించిన వ్యాసం ఇవ్వలేనని థోరో జాబు రాశాడు. అందులో చెప్పిన ముఖ్యమైన కారణం ఇదీ: నా గైడు మాటలూ చేతలూ ఉన్నవున్నట్టు రాశాను, కథలో రుచికరమైన భాగం అదే, కానీ అతనికి చదవడం వచ్చు, పత్రిక కూడా తెప్పించుకుంటాడు, ఇది అచ్చయితే మళ్లీ అతని ముఖం చూడలేను. దాని బదులు రెండో ప్రయాణం వ్యాసం ఇచ్చాడు. పోలిస్ వ్యాసం పూర్తిగా అచ్చయింది థోరో పోయాకే.

ఆ జాబును మేము రెండు విధాలుగా చదివాం. ఒకటి, నిజాయితీ. ఎదుటివాడు చదువుతాడని తెలిసి వెనకాడిన రచయిత మంచి మనిషి. ఎవరు చదువుతారులే అనుకుని రాసేవాళ్లు ఆయన తర్వాత వేలల్లో ఉన్నారు. రెండోది, ఒప్పుకోలు. ఉన్నదున్నట్టే రాశానంటూనే ముఖం చూడలేనంటున్నాడంటే, ఉన్నదానికీ రాసినదానికీ మధ్య ఏదో ఉందని ఆయన చేతికి తెలుసు. నా అభిప్రాయం కాదు ఇది, మా స్టాఫ్ రూములో ముగ్గురం చదివి ముగ్గురం ఇక్కడే ఆగాం. పోలిస్‌కు ముందే చూపించి, ఇందులో ఏం తప్పుంది అని అడిగే దారి కూడా ఉండేది. నాకు తెలిసింది నీకు చెబుతాను అన్న ఒప్పందంలో అదీ భాగమే. ఆ పని జరగలేదు.

ఆ నది కథ ఇంకా నడుస్తోంది. పెనాబ్‌స్కాట్‌ల రిజర్వేషన్ అంటే నది మధ్యలోని దీవులు. వాటి చుట్టూ పారే నీరు అందులోకి వస్తుందా రాదా అని వాళ్లు కోర్టుకెళ్లారు. 2021లో ఫెడరల్ అప్పీలు కోర్టు దీవులే మీవి, నది కాదు అంది. 2022లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. లెక్కలొస్తేనే ఆస్తి నిలుస్తుందన్న పోలిస్ మనవల కాలానికి లెక్కలూ వచ్చాయి, లాయర్లూ వచ్చారు, జాతి పేరే ఉన్న నది మాత్రం చేతికి రాలేదు. అందుకని చదువు దండగ అనము. ఆ తీర్పులో ఒప్పుకోని న్యాయమూర్తులు రాసింది కూడా చదవగలిగినవాళ్లు ఇప్పుడు ఆ దీవుల్లోనే ఉన్నారు.

మా కుర్రవాడికి ఈ జాబు సంగతి తెలుగులో చెప్పాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ రాత్రి గురించి నేనూ రాయొచ్చా సార్ అన్నాడు. నోటు పుస్తకం ఇచ్చాం. పదిరోజులకు నాలుగు పేజీలు తెచ్చాడు. ఎన్ని టెంట్లు మోశాడో, ఎంత కూలి అడిగితే ఎంత ఇచ్చారో, ఊట నీళ్లు ఎక్కడున్నాయో, గాలి తిరిగితే మంట ఎటు మార్చాడో రాశాడు. పక్క కొండకు వాళ్ల అమ్మమ్మ చెప్పే పేరూ ఉంది, అది మాకూ తెలియదు. అక్షర దోషాలున్నాయి, దిద్దలేదు ఇంకా. మూడో పేజీలో, తన గురించి ఒక వాక్యం రాసిన ఆయన పేరు, ఊరు, చలికి ఆయన వణికితే తన దుప్పటి ఇచ్చిన సంగతి ఉన్నాయి. పేరు తీసేయమంటారా సార్ అని అడిగాడు.

ముందు ఆయనకు పంపించి చూపించమన్నాం.